స్పీచ్ పాసైతే బ్రెయిలీ పాసైనట్టు కాదు: వేలి కింద పడేదాన్ని ఆటోమేషన్‌తో పరీక్షించడం ఎలా

చదివే మిగతావాళ్ల కోసం ముందు మీ ప్రశ్న క్లుప్తంగా. మీది బెంగళూరు మహదేవపురలో ఆరుగురి టెస్టింగ్ టీమ్. బ్యాంకు కౌంటర్ల మీద పెట్టే ఆండ్రాయిడ్ టాబ్లెట్ తయారుచేస్తున్నారు. తెర మీద తెలుగు, కన్నడ, ఇంగ్లీషు మూడూ ఉంటాయి. తెర మీదున్నది చదివి వినిపించే ప్రోగ్రాముని స్క్రీన్ రీడర్ అంటారు, ఆండ్రాయిడ్‌లో అది టాక్‌బ్యాక్. అది పలికే మాటలు పట్టుకుని సరిచూసే టెస్టులు రాశారు, యాక్సెసిబిలిటీ లోపాలు వెతికే స్కానర్ రిపోర్టు కూడా పచ్చగా వస్తోంది. ఇప్పుడు కొనేవాళ్లు "బ్రెయిలీ డిస్‌ప్లేతో పనిచేస్తుందా?" అని అడిగారు. మీ దగ్గర డిస్‌ప్లే లేదు. స్పీచ్ పాసైతే బ్రెయిలీ కూడా పాసైనట్టేనా, ఇది ఆటోమేట్ అవుతుందా, డిస్‌ప్లే కొనక తప్పదా అని మూడు అడిగారు.

మొదటిదానికి జవాబు: కాదు. రెండోదానికి: చాలావరకు అవుతుంది, మీరు అనుకున్నదానికంటే చవగ్గానే. మూడోదానికి: ఒకటైనా కొనాలి, కానీ మొదటి నెలలోనే అక్కర్లేదు. నేను బెంగళూరులో పద్నాలుగేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, అందులో సగం పరికరాల మీదే. మేం పడ్డ తప్పులతో సహా చెబుతాను.

డిస్‌ప్లే ఎప్పుడూ ముట్టుకోనివాళ్ల కోసం రెండు మాటలు. అది కీబోర్డు ముందు పెట్టుకునే పలక. దాని మీద వరసగా సెల్లుంటాయి, 14, 20, 32, 40, 80 ఇలా. ఒక్కో సెల్‌లో ఎనిమిది సన్నని పిన్నులుంటాయి, ఆ చుక్కలని ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలతో పిలుస్తారు. చాలా డిస్‌ప్లేల్లో కరెంటు తగిలినప్పుడు వంగే పీజో పట్టీలు వాటిని పైకి లేపుతాయి, కిందికి దించుతాయి. స్క్రీన్ రీడర్ ఏం పంపితే ఆ చుక్కలు లేస్తాయి. వరస అయిపోతే పక్కనున్న కీ నొక్కి తర్వాతి ముక్కకి వెళ్లాలి, దాన్ని పానింగ్ అంటారు. చాలా డిస్‌ప్లేల మీద ప్రతి సెల్‌కీ పైన ఒక చిన్న రూటింగ్ కీ ఉంటుంది. అది నొక్కితే కర్సర్ సరిగ్గా ఆ అక్షరం దగ్గరికి రావాలి.

స్పీచ్‌కీ దీనికీ తేడా ఇక్కడే మొదలవుతుంది. మాట పలికితే అయిపోతుంది, తర్వాత తెర మీద ఏం మారినా విన్నది విన్నట్టే ఉంటుంది. బ్రెయిలీ అలా కాదు. వేలు చదువుతున్నంతసేపూ ఆ చుక్కలు కదలకుండా ఉండాలి.

ఇది నాకు పుస్తకం చూసి తెలిసింది కాదు. కొన్నేళ్ల కిందట మేం టెస్ట్ చేస్తున్న ఒక పరికరంలో అన్ని ఆటోమేటెడ్ టెస్టులూ పాసయ్యాయి. విడుదలకి ముందు ఒక మాష్టారిని పిలిచాం. రాజమండ్రి వైపు బ్రెయిలీ నేర్పి రిటైరయ్యారు, కేఆర్ పురంలో కొడుకు దగ్గరుంటారు. ఆయన తన 20 సెల్లుల డిస్‌ప్లే కలుపుకుని, లాగిన్ అయ్యి, ఓటీపీ తెర దగ్గరికొచ్చి ఆగిపోయారు. ఎడమచేతి చూపుడువేలు మొదటి సెల్ మీద పెడతారు, కుడివైపుకి జరుపుతారు, మళ్లీ వెనక్కి తెస్తారు. నాలుగైదు సార్లు అలాగే చేసి, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, "బాబూ, దీన్ని కాసేపు కదలకుండా ఉండమనండి" అన్నారు.

తెర మీదున్నది "మిగిలిన సమయం 28 సెకన్లు". 28 ప్రతి సెకనూ 27, 26 అవుతోంది. అలా మారిన ప్రతిసారీ స్క్రీన్ రీడర్ మొత్తం వరసని మళ్లీ పంపుతోంది. లెక్కేసి చూడండి. "మిగిలిన" భారతి బ్రెయిలీలో (మన భాషలకి వాడే బ్రెయిలీ పద్ధతి) ఏడు సెల్లు, ఖాళీ ఒకటి, "సమయం" నాలుగు. మొత్తం పన్నెండు. మళ్లీ ఖాళీ, సంఖ్య గుర్తు, రెండంకెలు కలిపితే పదహారు. "సెకన్లు" అన్నదానికి ఖాళీతో కలిపి ఇంకో ఎనిమిది కావాలి, అంటే 20 సెల్లలో పట్టదు, తర్వాతి ముక్కలోకి పోతుంది. ఆయన పాన్ చేసి అక్కడికి వెళ్లేలోపు అంకె మారుతుంది, డిస్‌ప్లే మళ్లీ మొదటికి వస్తుంది. ఓటీపీ పెట్టె ఆ కిందే ఉంది, ఆయన దాని దాకా వెళ్లనేలేదు. మా స్పీచ్ టెస్టు మాత్రం "మిగిలిన సమయం 30 సెకన్లు" అని ఒక్కసారి విని పాస్ అని రాసుకుంది.

ఆ రోజు నుంచి మా టీమ్‌లో మొట్టమొదట రాసే బ్రెయిలీ టెస్టు ఇదే: ప్రతి తెరనీ తెరిచి, పది సెకన్లు ఏ కీ నొక్కకుండా ఉంచి, సెల్లు ఎన్నిసార్లు మారాయో లెక్కపెట్టడం. సున్నా రావాలి. కర్సర్ మెరిసేది ఒక్కటే మినహాయింపు. మీ టాబ్లెట్ మీద ఈ ఒక్క టెస్టు నడపండి, మిగతా సలహాలన్నిటికంటే ఎక్కువ బగ్గులు ఇదే చూపిస్తుంది. టైమర్లు, తిరుగుతూ ఉండే ప్రకటన బొమ్మలు, "లోడ్ అవుతోంది" చుక్కలు, బ్యాటరీ శాతం, అన్నీ పట్టుబడతాయి. సరిచేసే పద్ధతి కూడా తేలికే: అంకెని వేరే మూలకంగా విడదీసి, సెకనుకోసారి కాకుండా సగం సమయంలో ఒకసారి, చివర్లో ఒకసారి మాత్రం చెప్పించండి. అసలు గడువు పెంచుకునే వీలివ్వడం ఇంకా మంచిది. వెబ్ ప్రమాణం డబ్ల్యూసీఏజీ కూడా గడువు ముగిసే ముందు హెచ్చరించి, కనీసం 20 సెకన్ల వ్యవధిలో ఒక సులువైన చర్యతో పెంచుకోనివ్వమని, అలా కనీసం పదిసార్లు పెంచుకోనివ్వమని చెబుతుంది.

ఇక సెల్లు మారాయని ప్రోగ్రాముకి తెలిసేదెలా? అసలు పనంతా ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

విండోస్ మీదైతే సులువు. అక్కడి ఉచిత స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏలో 2019.3 వెర్షన్ నుంచి బ్రెయిలీ వ్యూయర్ ఉంది, పరికరం లేకుండానే 40 సెల్లు తెర మీద కనిపిస్తాయి. ఎన్‌వీడీఏ సొంత సిస్టమ్ టెస్టులు రోబోట్ ఫ్రేమ్‌వర్క్ అనే టెస్టింగ్ పనిముట్టుతో రాశారు. కీ నొక్కాక వచ్చిన మాటనీ బ్రెయిలీనీ రెండిటినీ పట్టుకుని సరిచూసే ఏర్పాటు వాటిలో ఉంది. సోర్సు బహిరంగంగానే ఉంది, చూసి నేర్చుకోండి. లినక్స్ మీద బ్రెయిలీ డిస్‌ప్లేలని నడిపే బీఆర్ఎల్‌టీటీవైకి నిజం డిస్‌ప్లే బదులు కిటికీలో సెల్లు గీసే డ్రైవర్ ఉంది.

మీ టాబ్లెట్‌కి దారి వేరు. ఆండ్రాయిడ్‌లో ఒకప్పుడు బ్రెయిలీకి విడిగా బ్రెయిల్‌బ్యాక్ అనే యాప్ వేసుకోవాల్సి వచ్చేది. 2022లో వచ్చిన టాక్‌బ్యాక్ 13 నుంచి ఆ పని టాక్‌బ్యాకే చేస్తోంది. మీకు ఇంకా ముఖ్యమైనది ఇంకొకటి: 2018లో యూఎస్‌బీ వాళ్లు బ్రెయిలీ డిస్‌ప్లేలకి ఒక ఉమ్మడి హెచ్‌ఐడీ (కీబోర్డు, మౌస్ లాంటి పరికరాలు కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతి) ప్రమాణం ప్రకటించారు. కీబోర్డుకీ మౌస్‌కీ విడివిడి డ్రైవర్లు అక్కర్లేనట్టే ఆ ప్రమాణం పాటించే డిస్‌ప్లేలకీ అక్కర్లేదు. ఎన్‌వీడీఏ 2021.3లో, ఆండ్రాయిడ్ 15తో టాక్‌బ్యాక్‌లో దీనికి మద్దతు వచ్చింది. మీ టాబ్లెట్‌లో ఆండ్రాయిడ్ 15 గానీ ఆ పైది గానీ ఉంటే, మీరే ఒక నకిలీ డిస్‌ప్లే తయారుచేసుకోవచ్చు.

ఎలక్ట్రానిక్స్ దొరికే ఎస్పీ రోడ్డుకి వెళ్లి రాస్ప్‌బెర్రీ పై జీరో అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి తెచ్చుకోండి. అది యూఎస్‌బీలో గాడ్జెట్‌గా, అంటే తానే ఒక పరికరంగా నటించగలదు. "నేను 20 సెల్లున్న బ్రెయిలీ డిస్‌ప్లేని" అని చెప్పే హెచ్‌ఐడీ డిస్క్రిప్టర్ దానికి రాసిపెట్టండి. పరికరం ఏ రకమో చెప్పే సంఖ్యని యూసేజ్ పేజీ అంటారు, బ్రెయిలీకి కేటాయించినది హెక్స్‌లో 41. టాబ్లెట్‌కి తగిలించగానే టాక్‌బ్యాక్ దాన్ని డిస్‌ప్లే అనుకుని చుక్కలు పంపడం మొదలుపెడుతుంది. ఒక్కో సెల్‌కి ఒక్కో బైటు వస్తుంది. అన్నిటికంటే చిన్న బిట్టు ఒకటో చుక్క, పెద్దది ఎనిమిదో చుక్క. యూనికోడ్‌లో బ్రెయిలీకి 256 అక్షరాల గది ఉంది, హెక్స్‌లో 2800 దగ్గర మొదలవుతుంది. మీకొచ్చిన బైటుకి 2800 కలిపితే చాలు, అదే ఆ చుక్కల అక్షరం. మార్పిడి పట్టిక అక్కర్లేదు, తేదీ, గంట వేసి ఫైల్లో రాసుకుంటూ పోవచ్చు. అటునుంచి పానింగ్ కీ, రూటింగ్ కీ, చుక్కల కీలు నొక్కినట్టు రిపోర్టులు పంపొచ్చు. అప్పుడు మీ స్క్రిప్టుకి చదవడానికి వేలూ నొక్కడానికి చెయ్యీ రెండూ వచ్చినట్టే.

ఇక్కడ రెండు చిక్కులు. టాబ్లెట్‌కి ఒకే పోర్టు ఉంటే, పై జీరోని తగిలించినప్పుడు టాబ్లెట్ హోస్టుగా, అంటే కంప్యూటర్ పాత్రలోకి మారుతుంది, కాబట్టి కంప్యూటర్ నుంచి టాబ్లెట్‌కి ఆదేశాలిచ్చే ఏడీబీని వైఫై మీద నడపాలి. ఛార్జింగ్ కూడా ఆగిపోవచ్చు. రాత్రంతా టెస్టులు నడపాలంటే పవర్ కూడా ఇచ్చే హబ్ ఏది పనిచేస్తుందో ముందే చూసుకోండి. రెండోది, బ్యాంకు బిల్డులో భద్రత కోసం యూఎస్‌బీ మూసేసి ఉంటారు. అది టెస్టింగ్ సమస్య అని తీసిపారేయకండి. నిజం డిస్‌ప్లే తెచ్చుకున్న ఖాతాదారుకీ అదే తలుపు మూసి ఉంటుంది. బ్లూటూత్ కూడా మూసి ఉంటే మీ టాబ్లెట్‌కి బ్రెయిలీయే లేదు. ఈ విషయం టెస్టుల కంటే ముందు తేల్చుకోవాలి.

ఆండ్రాయిడ్ 15 కంటే పాతదైతే ఏదో ఒక మోడల్ బ్లూటూత్ భాషని అనుకరించాలి, చాలా శ్రమ. అలాంటప్పుడు గిట్‌హబ్‌లో ఉన్న టాక్‌బ్యాక్ సోర్సు తీసుకుని, సెల్లు పంపే చోట ఒక లాగ్ వరస వేసి, ఆ కాపీతో టెస్ట్ చేయడం నయం. కాకపోతే అది మీ ఖాతాదారు వాడే టాక్‌బ్యాక్ కాదన్నది గుర్తుంచుకోవాలి.

సెల్లు చేతికొచ్చాక ఏం పరీక్షించాలన్నది చూద్దాం. కదలకుండా ఉండే టెస్టు చెప్పేశాను. తర్వాతది లేబుళ్ల మొదటి ముక్క.

మీ మెనూలో ఇలా ఉందనుకోండి: "మీ పొదుపు ఖాతా నిల్వ", "మీ పొదుపు ఖాతా వివరాలు", "మీ పొదుపు ఖాతా చిరునామా మార్పు". వినేవాళ్లకి ఫరవాలేదు, కొంచెం విసుగు అంతే. బ్రెయిలీలో లెక్కపెట్టండి: "మీ" రెండు, ఖాళీ, "పొదుపు" ఆరు, ఖాళీ, "ఖాతా" నాలుగు. సరిగ్గా 14. అంటే 14 సెల్లుల డిస్‌ప్లే మీద ఈ మూడూ ఒకేలా ఉంటాయి. ఏది ఏదో తెలియాలంటే ప్రతిదాని దగ్గరా పాన్ చేయాల్సిందే. టెస్టు తేలిక: ఒకే జాబితాలో ఉన్న అంశాల బ్రెయిలీని మొదటి 14 సెల్లుల దగ్గర కోసి, రెండు ఒకేలా ఉంటే ఫెయిల్ చెయ్యండి. దీనికి డిస్‌ప్లే కూడా అక్కర్లేదు, తెర మీది మాటలన్నీ ఉండే స్ట్రింగ్ ఫైలు మీదే నడపొచ్చు. మా దగ్గర మొదటిసారి నడిపినప్పుడు సెట్టింగుల తెర మొత్తం ఎర్రబడింది. "నిల్వ", "వివరాలు", "చిరునామా మార్పు" అని ముందు పెట్టి, ఖాతా పేరు తర్వాత పెట్టించాం. కంటితో చూసేవాళ్లకీ ఆ మెనూ సుఖపడింది. అనువాదకులకి కోపం రాకుండా ముందే కూర్చోబెట్టి చెప్పండి. తెలుగులో విశేషణం ముందు రావడం సహజం, అన్ని చోట్లా మార్చడం కుదరదు. కుదరనివి మినహాయింపుల జాబితాలో పెట్టుకోండి.

మూడోది, స్పీచ్ పూర్తిగా ఆపేసి, లాగిన్ నుంచి పని పూర్తయ్యేదాకా ఉన్న అన్ని దారులూ మళ్లీ నడపడం. చూపూ వినికిడీ రెండూ లేనివాళ్లకి బ్రెయిలీ ఒక్కటే దారి. వినగలిగేవాళ్లు కూడా బ్యాంకు కౌంటర్ దగ్గర నలుగురి మధ్య తమ నిల్వ ఎంతో పైకి పలికించుకోరు. స్పీచ్ ఆపగానే బయటపడేవి కింద మెరిసి మాయమయ్యే చిన్న సందేశాలు. "తప్పు పిన్, ఇంకా రెండు ప్రయత్నాలు" అన్నది అలా మెరిసి పోతే, ఖాతాదారు వేలు అప్పుడు పిన్ పెట్టె మీదే ఉంటుంది. సందేశం వచ్చి వెళ్లిందని కూడా తెలియదు, మూడోసారి కొడతారు, కార్డు ఆగిపోతుంది. ఎన్‌వీడీఏలో ఇలాంటి సందేశం డిఫాల్టుగా 4 సెకన్లు డిస్‌ప్లే మీద నిలుస్తుంది, వాడేవాళ్లు మార్చుకోవచ్చు. మీ టెస్టు రెండు విషయాలు చూడాలి: సందేశం సెల్లలోకి వచ్చిందా, వచ్చాక వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకోవడానికి తెర మీద ఎక్కడైనా నిలిచి ఉందా. రెండోది లేకపోతే నేను ఫెయిల్ అనే రాస్తాను, ప్రమాణాలు ఏం చెప్పినా.

రూటింగ్ కీ టెస్టులో తెలుగు ప్రత్యేకంగా చూడాలి. భారతి బ్రెయిలీలో, 1951 నుంచి మన భాషలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న పద్ధతిలో, పొల్లుకి నాలుగో చుక్క. తెర మీది యూనికోడ్ వరసలో పొల్లు హల్లు తర్వాత వస్తుంది, బ్రెయిలీలో హల్లుకి ముందొస్తుంది. "అమ్మ" తీసుకోండి. కంప్యూటర్‌లో అ, మ, పొల్లు, మ. వేలి కింద ఒకటో చుక్క, నాలుగో చుక్క, ఆ తర్వాత 1-3-4 చుక్కల సెల్ రెండుసార్లు. రెండు వైపులా నాలుగే, కానీ మధ్యవి తారుమారు. ఇప్పుడు రెండో సెల్ మీద రూటింగ్ కీ నొక్కితే కర్సర్ ఎక్కడికి రావాలి? "మ్మ" అనే అక్షరం ముందుకి. మధ్యలోకి వచ్చి పడితే, అక్కడ ఏదైనా టైపు చేసినా చెరిపినా అక్షరం విరిగిపోతుంది. అందుకని పేరు, చిరునామా లాంటి పెట్టెల్లో ఒత్తులున్న మాటలు పెట్టి, ప్రతి సెల్ మీదా రూటింగ్ నొక్కి, ఒక గుర్తు టైపు చేసి, అది అక్షరాల మధ్యే పడిందా, అక్షరం లోపల పడిందా అని చూసే టెస్టు రాయండి. "లక్ష్మి" తప్పకుండా పెట్టండి. "క్ష"కి భారతిలో ఒకే సెల్ ఉంది, మూడు యూనికోడ్ గుర్తులు ఒక్క సెల్‌లోకి వస్తాయి. ఆ పేరున్న ఖాతాదారులు మీకు వేలల్లో ఉంటారు.

ఓటీపీకి ఆరు విడి పెట్టెలు పెట్టే అలవాటుంది కదా, అది బ్రెయిలీకి నరకం. ఒక్కో పెట్టె ఒక్కో ఫోకస్, వేలి కింద ఎప్పుడూ ఒకే అంకె. కొట్టింది మొత్తం సరిచూసుకోవడానికి వీల్లేదు. ఒకే పెట్టె పెట్టమనండి. ఇంకోటి, డిస్‌ప్లే మీది కీలతో టైపు చేయడం టాక్‌బ్యాక్ బ్రెయిలీ కీబోర్డు ద్వారా జరుగుతుంది. మీ పిన్ తెర, బయటి కీబోర్డులని అడ్డుకుని సొంత అంకెల పలక మాత్రమే చూపిస్తే, చుక్కల కీలతో పిన్ కొట్టడం కుదరదు. భద్రత టీమ్‌తో మాట్లాడాల్సిన విషయం ఇది, టెస్టు దాన్ని బయటపెడితే చాలు.

అనువాదం సంగతి వేరే పొర, దాన్ని పై టెస్టులతో కలపకండి. అక్షరాలని చుక్కలుగా మార్చే పని చాలా స్క్రీన్ రీడర్లలో లిబ్‌లూయీ చేస్తుంది. అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, ఒక్కో భాషకి ఒక్కో టేబుల్ ఉంటుంది. దానితోపాటు యామెల్ ఫైళ్లలో "ఈ మాటకి ఈ చుక్కలు" అని రాసిపెట్టి సరిచూసుకునే పనిముట్టు వస్తుంది. మీ స్ట్రింగులన్నిటికీ కాకుండా, కష్టమైన మాటలు ఓ రెండొందలు ఏరి మాష్టారు లాంటివాళ్లతో సరిచూపించుకుని పెట్టుకోండి. టేబుల్‌కి తెలియని అక్షరం తగిలితే లిబ్‌లూయీ మామూలుగా దాని యూనికోడ్ సంఖ్యని రాసేస్తుంది. ఇంగ్లీషు టేబుల్ మీద "క" పడితే సున్నా, సి, ఒకటి, ఐదు అనే సంఖ్యా, దాని ముందూ వెనకా గుర్తులూ. ఒక్క అక్షరానికి కనీసం ఎనిమిది సెల్లు. "అమ్మ"కే 20 సెల్లు నిండి తర్వాతి ముక్కలోకి పోతుంది. మీ టాబ్లెట్‌లో మూడు భాషలున్నాయి కాబట్టి, భాష మార్చినప్పుడు బ్రెయిలీ టేబుల్ కూడా మారుతోందా అన్నది ప్రతి బిల్డులో చూడాల్సిన టెస్టు. సెల్లలో ఈ సంఖ్యల నమూనా ఎక్కడైనా కనిపిస్తే ఫెయిల్. చిన్న పాటర్న్ చాలు దీనికి.

మాకు ఇందులో ఒక దెబ్బ తగిలింది. మేం సొంతంగా దిద్దుకున్న టేబుల్లో కనిపించని అక్షరం ఒకటి వదిలేశాం, "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో ఒత్తు కలవకుండా వేసే జీరో విడ్త్ నాన్ జాయినర్. కంటికి ఏమీ తెలియదు, స్పీచ్‌కీ తెలియదు. వేలి కింద మాత్రం మాట నడిమధ్యలో ఎనిమిదికి పైగా సెల్లుల చెత్త. అరువు మాటలున్న ప్రతి తెరలోనూ అదే. కనిపించని అక్షరాల మీద విడిగా ఒక టెస్టు పెట్టండి.

తెలుగు, కన్నడ గురించి ఒక మాట. భారతి బ్రెయిలీలో తెలుగు క, కన్నడ క రెండూ 1-3 చుక్కలే. కాబట్టి చుక్కలు సరిపోయాయని భాష సరిపోయినట్టు కాదు. తెలుగు తెరలో కన్నడ స్ట్రింగు పొరపాటున వస్తే చుక్కల టెస్టు దాన్ని పట్టుకోలేకపోవచ్చు. ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా నడిపే దారి టెస్టులలో, చుక్కలుగా మారకముందున్న పాఠాన్ని (టెక్స్టుని) కూడా దాచుకుని పోల్చండి.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. చుక్కలనే బంగారు ఫైలుగా, అంటే ప్రతిసారీ పోల్చి చూసే ఆధారంగా పెట్టుకుంటే, లిబ్‌లూయీ టేబుల్ కొత్తది వచ్చిన రోజు వందల టెస్టులు ఒకేసారి విరుగుతాయి. ఏది నిజం బగ్గో తెలియక అందరూ కళ్లు మూసుకుని ఫైళ్లు మార్చేస్తారు. మా దగ్గర అలా ఒకసారి నిజం బగ్గు ఆ గుంపులో కలిసి వెళ్లిపోయింది. ఇప్పుడు దారి టెస్టులు పాఠంతో, అనువాదం టెస్టులు చుక్కలతో, పొడవు టెస్టులు సెల్లుల లెక్కతో నడుపుతాం. రిపోర్టులో చుక్కలూ పాఠమూ పక్కపక్కన వేస్తాం. చుక్కలు ఒక్కటే వేస్తే చూపున్న రివ్యూయరు ఎవరూ చదవరు.

టెస్టులు ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్ అవుతుంటే ముందు చూడాల్సింది స్క్రిప్టుని కాసేపు ఆపే నిద్ర (స్లీప్) వరసలు. "రెండు సెకన్లు ఆగు" అని రాయకండి. సెల్లు మారడం ఆగి 300 మిల్లీసెకన్లు నిశ్శబ్దంగా ఉన్నాక చదవమని రాయండి. అసలు నిశ్శబ్దమే రాకపోతే అది టెస్టు తప్పు కాదు, పైన చెప్పిన మాష్టారి బగ్గే.

పరికరం కాబట్టి కలపడం, తెగడం కూడా టెస్ట్ చెయ్యాలి. నకిలీ డిస్‌ప్లేని మధ్యలో పీకేసి మళ్లీ పెట్టండి. టాబ్లెట్‌ని నిద్రపుచ్చి లేపండి. అదే తెర, అదే వరస తిరిగి వేలి కిందకి వస్తోందా? కొత్తగా పెట్టె తెరిచిన టాబ్లెట్‌ని, చూపున్న మనిషి సాయం లేకుండా, బ్రెయిలీతో మొదటి తెర దాటించగలమా? ఈ చివరిది మేం పూర్తిగా ఆటోమేట్ చెయ్యలేకపోయాం, చేత్తోనే చేస్తాం.

ఇక కొనడం. మొదటి నెల నకిలీ డిస్‌ప్లేతో నడపండి, తేలిక బగ్గులన్నీ దానితో పోతాయి. ఆ తర్వాత ఆర్బిట్ రీడర్ 20 లాంటిది ఒకటి కొనండి, మిగతావాటితో పోలిస్తే ధర తక్కువ, మన దేశంలో దొరుకుతుంది. కానీ అది మీ చేతిలో ఉన్నంత మాత్రాన మీరు బ్రెయిలీ పాఠకులు కారు. నేనే ఇన్నేళ్ల తర్వాత కూడా అక్షరం అక్షరంగా వెతుక్కుంటాను, మాష్టారి వేగంలో పదో వంతు లేదు. అందుకని రోజూ చదివేవాళ్లని పిలవండి, వాళ్ల సమయానికి డబ్బివ్వండి. మన ఊళ్లో కోరమంగళలో ఎనేబుల్ ఇండియా, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మిత్రజ్యోతి, జీవన్ బీమా నగర్‌లో నేషనల్ అసోసియేషన్ ఫర్ ది బ్లైండ్ కర్ణాటక శాఖ ఉన్నాయి, అడిగితే దారి చూపిస్తారు. వచ్చినవాళ్లకి టెస్ట్ స్క్రిప్టు ఇవ్వకండి. "మీ ఖాతాలో ఎంతుందో చూడండి" అని ఒక పని చెప్పి, చేతులు చూడండి. ఎక్కడ వేలు వెనక్కి వెళ్లింది, ఎక్కడ ఆగింది అని రాసుకోండి. మా ఆటోమేటెడ్ టెస్టుల్లో మంచివన్నీ అలా చూసి రాసుకున్న కాగితాల నుంచే వచ్చాయి.

మీ మేనేజరు "బ్రెయిలీ వాడేవాళ్లు ఎంతమంది ఉంటారు" అని అడిగారని రాశారు. బ్యాంకు కోసం చేస్తున్న పరికరం కదా, ఆయనకి రెండు విషయాలు చూపించండి. వికలాంగుల హక్కుల చట్టం 2016 కింద ఐసీటీ (సమాచార, కమ్యూనికేషన్ సాంకేతిక) ఉత్పత్తులకి ఐఎస్ 17802 అనే యాక్సెసిబిలిటీ ప్రమాణం ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ కేవైసీ కేసులో డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. యూరప్‌కి అమ్మే ఆలోచన ఉంటే అక్కడి యాక్సెసిబిలిటీ చట్టం 2025 జూన్ 28 నుంచి అమల్లో ఉంది. అయినా ఆ తీర్పుల కాగితాల కంటే, వీలైతే ఆయన్ని ఒక అరగంట బ్రెయిలీ చదివేవాళ్ల పక్కన కూర్చోబెట్టండి. మా మేనేజరు విడుదల వాయిదా వేసింది మాష్టారు చేతులు ఒళ్లో పెట్టుకోవడం చూశాకే.

ఈ వారం మొదలుపెట్టాలంటే స్ట్రింగ్ ఫైలు మీద 14 సెల్లుల కోత టెస్టు రాయండి, ఒక్క పూట పని. పై జీరో వచ్చాక పది సెకన్ల టెస్టు. డిస్క్రిప్టర్ రాసినా టాక్‌బ్యాక్ దాన్ని గుర్తుపట్టకపోతే, ముందు అవుట్‌పుట్ రిపోర్టు పొడవు మీరు ప్రకటించిన సెల్లుల సంఖ్యతో సరిపోతోందో లేదో చూడండి. మా మొదటి రెండు రోజులు అక్కడే పోయాయి, 20 అని చెప్పి 21 బైట్లు ఆశిస్తూ కూర్చున్నాం. అది కూడా సరిగ్గా ఉండి పనిచేయకపోతే డిస్క్రిప్టర్ హెక్స్ ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.